మూడు వేళ్ల పిట్ట, మూడు లేబుళ్లు

మా జువాలజీ సారు పోయారు. ఆ కబురు కాలేజీ ఆఫీసు గుమస్తా తెచ్చాడు. అప్పుడు నేను మ్యూజియం బీరువాలో నాఫ్తలీన్ ఉండలు మారుస్తున్నాను. అతను గుమ్మంలోనే నిలబడి, “ఏవండీ, మీ సారు పోయారంటండీ. తాడేపల్లిగూడెం నుంచి ఫోనొచ్చింది” అన్నాడు. ఆయన రిటైరై ఏడేళ్లు దాటింది. అయినా నాతో మాట్లాడేటప్పుడు ఈ కాలేజీలో అందరికీ ఆయన ‘మీ సారే’.

నాకు ఏడుపు రాలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి. స్టూలు మీద కూర్చున్నాను. చేతిలో ఇంకా నాలుగు ఉండలు మిగిలాయి. వాటిని ఏం చేయాలో తోచక చొక్కా జేబులో వేసుకుని స్టేషనుకు నడిచాను. గూడెం చేరేదాకా పాసింజరు రైల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎందుకో దిగేటప్పుడు గానీ తెలియలేదు.

రాయడం నాకు అలవాటున్న పనే గానీ ఇలాంటి రాత కాదు. ముప్ఫై ఏళ్లకు పైగా ఏలూరులో ఈ డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియానికి అటెండరును. మా నాన్న రిక్షాలకూ కొట్లకూ పేర్లు రాసే పెయింటరు. ఆయన చెయ్యి నాకొచ్చింది. అందుకని ఇక్కడి పాములకూ చేపలకూ పిట్టలకూ లేబుళ్లు నేనే రాస్తూ వచ్చాను. లేబులు మీద మూడు వరుసలకు మించి చోటుండదు. ఇన్ని తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చుంటే ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. సారుంటే చెప్పేవారు.

సారు ఇల్లు గూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో. రోజూ పాసింజరులో ఏలూరు వచ్చేవారు. ఆయన గదిలోకి వస్తే నేను తలెత్తి చూడనక్కర్లేదు. చొక్కాకు ఉల్లిపాయ గోనెల వాసన ఉండేది. ఫార్మలిన్ వాసనకు మొద్దుబారిపోయిన నా ముక్కుకు కూడా అది తెలిసేది. ఒక చేతిలో క్యారేజీ, ఒక చేతిలో గొడుగు. అప్పుడప్పుడూ మాత్రం గొడుగు చంకలోకి వెళ్లి, ఆ చేతిలోకి చిన్న వెదురు బుట్ట వచ్చేది. బుట్ట వచ్చిందంటే ఆ రోజు నాకు టీ తాగే తీరిక కూడా ఉండదని అర్థం.

గూడెం స్టేషను బయట వలలు పెట్టి పిట్టలు పట్టేవాళ్లు కూర్చునేవారు. పూరేడు పిట్టల కాళ్లకు తాళ్లు కట్టి గుత్తులుగా అమ్మేవారు. కొనేవాళ్లు కూరకు కొనేవారు. మా సారు గొంతుక్కూర్చుని ఒక్కో పిట్టనూ తిరగేసి కాళ్లు చూసేవారు. నాలుగు వేళ్లుంటే కింద పెట్టేసేవారు. మూడుంటే కొని బుట్టలో వేసుకునేవారు. అమ్మేవాడికి ఇది చాలాకాలం అర్థం కాలేదట. “ఏవండీ పంతులుగారూ, ఎప్పుడూ వేలు తక్కువ పిట్టలే ఏరతారేంటండీ? అవిటివైతే రేటు తగ్గిస్తాననా?” అని అడిగాడట. ఈ మాట సారే చెప్పి నవ్వేవారు. ఆయన తన మీద తాను నవ్వుకోగల మనిషి. ఎదుటివాడు నవ్వితే మాత్రం తట్టుకోలేరు. ఈ సంగతి తర్వాత కావలసి వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

సారుకు పట్టిన పిచ్చంతా ఆ మూడు వేళ్ల పిట్ట మీదే. చూడ్డానికి అచ్చం పూరేడు పిట్టే. అదే మట్టి రంగు, అవే చుక్కలు, అలాగే గడ్డిలో నక్కినక్కి నడుస్తుంది. చెట్టెక్కదు. కానీ అది పూరేడు కాదు. దానికి వెనక వేలు లేదు. శాస్త్రంలో ఆ ప్రజాతి పేరు టర్నిక్స్.

“ఇందులో ఆడదే పెద్దది. రంగున్నదీ ఆడదే, కూసేదీ ఆడదే. గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. వాటి మీద కూర్చునేది మగది” అని సారు చెప్పగానే క్లాసులో ఆడపిల్లలు కిసుక్కున నవ్వేవారు. సారు నవ్వు అయ్యేదాకా ఆగేవారు. తర్వాత నా చేతిలో పళ్లెం తీసుకుని పిట్టను వెల్లకిలా తిప్పేవారు. “అయిందామ్మా? ఇప్పుడు కాళ్లు చూడండి. ముందు కాళ్లు, మొహం తర్వాత. మొహం చూసి చుట్టరికం కలిపితే మోసపోతాం.” ఏటా ఇదే మాట. ముప్ఫై బ్యాచీలు విన్నాయి. నేను ముప్ఫై సార్లూ విన్నాను.

ఒకసారి పెదవేగి మెట్ట వైపు పిల్లల్ని తీసుకెళ్లాం. ఇప్పుడంటే అక్కడ ఎటు చూసినా పామాయిల్ తోటలే గానీ అప్పట్లో గడ్డి బీళ్లు ఉండేవి. దూరంగా బుల్లెట్టు మోటారుసైకిలు వస్తున్నట్టు చప్పుడైతే పిల్లలంతా రోడ్డు దిగి పక్కకు జరిగారు. ఎంతసేపటికీ బండి రాదు. సారు మట్టిలో చతికిలబడి నోటి మీద వేలు పెట్టుకున్నారు. “బండి కాదురా. ఆడపిట్ట మగాణ్ని పిలుస్తోంది” అన్నారు. ఆయన మొహం అంత వెలుగుగా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

ఇక లేబుళ్ల సంగతి. మా మ్యూజియంలో ఆ పిట్ట ఒకటి, లోపల దూది కూరి చెక్క దిమ్మ మీద నిలబెట్టింది ఉంది. సారు రాకముందున్న పెద్ద మాస్టారు దాన్ని కోళ్లూ పూరేళ్లూ ఉండే వరుసలో, ఇంగ్లీషులో ఆర్డర్ అంటారే, అందులో పెట్టారు. సారు వచ్చిన ఏడాదే వరుస మార్పించారు. ‘గ్రుయిఫార్మిస్’ అని రాయించారు. అంటే సారస పక్షులు, మన కొల్లేట్లో తిరిగే నామాల కోళ్లలాంటి నీటికోళ్లు ఉండే వరుస. అప్పటి పుస్తకాలన్నీ అదే అన్నాయి. నేను కొత్త లేబులు రాసి పాతది గీకేయబోతుంటే సారు చెయ్యి పట్టుకున్నారు.

“చింపకు భాయ్. పై అంచుకు మాత్రమే బంక రాసి దాని మీదే అంటించు. ఎత్తి చూస్తే కిందది కనపడాలి.”

“తప్పుదెందుకు సార్?”

“తప్పు కూడా మ్యూజియంలో ఉండాల్సిన వస్తువే.”

అప్పటి నుంచి మా దగ్గర అదే పద్ధతి. లేబులు పాతబడితే దాని మీద కొత్తది తలుపులా వేలాడుతుంది. తనిఖీకి వచ్చిన ఒకాయన “ఇదేంటయ్యా, అన్నీ ఊడిపోతున్నాయి?” అని నన్ను తిట్టాడు. సారు అడ్డం వచ్చి అరగంట పాఠం చెప్పారు. ఆయన ఇంకెప్పుడూ మా గదికి రాలేదు.

ఇరవై ఏళ్ల పైమాట. బి.ఎస్సీ.లో కొల్లేటికోట నుంచి ఒకమ్మాయి చేరింది. చేపలు పట్టుకునే కుటుంబం. ఏలూరులో మేనత్త గారింట్లో ఉండి చదువుకునేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. సెలవులకు ఊరెళ్లి వచ్చినప్పుడు పాలడబ్బాలో ఊక పోసి, అందులో నాలుగు గుడ్లు తెచ్చింది. చింతపిక్క కంటే కాస్త పెద్దవి. ఒళ్లంతా చుక్కలు. ఒక కొస సన్నగా ఉంది.

“మూడు వేళ్ల పిట్టవండీ” అంది. “గట్టున గడ్డిలో చిన్న గుంట చేసి పెట్టిందండీ. నేను పక్కకొచ్చే దాకా మగది లేవలేదండీ.”

సారు గుడ్లు వెలుతురుకు పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. “ఇవి దానివి కావమ్మా. ఉల్లంకివి” అన్నారు. ఉల్లంకి అంటే నీటి అంచున బురదలో పరుగులు తీసే చిన్న పిట్ట. “ఒక కొస ఇంత సన్నగా ఉండే గుడ్లు ఆ వరుసలోనే ఉంటాయి. నీటికోళ్ల వరుసలో ఇలా ఉండవు. నువ్వు పొరబడ్డావు.”

“లేదండీ, నేను చూశానండీ.”

“చూసింది కూడా ఒక్కోసారి మోసం చేస్తుందమ్మా.”

రోజూ కళ్లతో చూడండని చెప్పే మనిషే ఆ మాట అన్నారు. పుస్తకం ప్రకారం ఆ పిట్టకు ఆ గుడ్లు ఉండకూడదు. అందుకని పిట్టను అక్కడే ఉంచి గుడ్ల పేరు మార్చేశారు. ఆ తప్పు ఊళ్లో ఇంకెవరూ చేయరు, చదువుకున్నవాళ్లే చేయగలరు. ‘ఉల్లంకి గుడ్లు’ అని చక్కగా గుండ్రంగా రాసి పెట్టింది నేనే. ఆ పిల్ల పక్కన నిలబడి నేను రాసేదాకా చూసి వెళ్లిపోయింది.

ఆఖరి ఏడాది ప్రాక్టికల్స్‌కి వేరే ఊరి నుంచి ఎగ్జామినరు ఒకాయన వచ్చారు. సరదా మనిషి. పకోడీలు తింటూ ప్రశ్నలు అడిగేవారు. ఆ రోజు ఈ అమ్మాయి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆమె వంతుకు టేబుల్ మీద ఈ పిట్టే పడింది. నేను ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను.

“ఇది ఏ వరుసమ్మా?” సారు అడిగారు.

“బుక్కులో గ్రుయిఫార్మిస్ అని ఉందండీ.”

“బుక్కులో సరే. నువ్వేమంటావు?” అన్నాడు బయటాయన నవ్వుతూ. ఆయన ఊరికే అడిగాడు. ఆ పిల్ల ఊరికే చెప్పే రకం కాదు.

“ఉల్లంకుల వరుసేమోనండీ.”

“అలాగని ఎవరు చెప్పారు?”

“మా సారేనండీ. నేను తెచ్చిన గుడ్లు ఉల్లంకుల వరుసవని సారే అన్నారండీ. నేను వాటిని ఈ పిట్ట కింద నుంచే తీశానండీ. రెండూ నిజమైతే ఈ పిట్ట ఉల్లంకికి చుట్టం అవ్వాలి గదండీ.”

బయటాయనకు నవ్వాగలేదు. పకోడీ పొలమారింది. “ఏం మాస్టారూ, మీరే కొత్త వర్గీకరణ మొదలుపెట్టారా? మాకు చెప్పలేదే!” అన్నాడు. గదిలో ఉన్న పిల్లలు కూడా నవ్వారు. నేను ట్రే వంక చూస్తూ నిలబడ్డాను. సారు చెవులు ఎర్రబడ్డాయి. “వెళ్లమ్మా” అన్నారు. కాగితం మీద అంకె వేసి బోర్లించేశారు.

రెండు మార్కుల్లో ఆ పిల్లకు ప్రాక్టికల్ పోయింది. మళ్లీ కట్టుకుని రాస్తుందిలే అనుకున్నాం. రాలేదు. పెళ్లయిందని కొందరు, వాళ్ల నాన్నకు ఒంట్లో బాగోలేదని కొందరు అన్నారు. ఏటా ఎంతోమంది ఇలా రాలిపోతుంటారు. ఎవరి గురించని ఆగుతాం? పిట్ట అక్కడే ఉంది. లేబులూ అక్కడే ఉంది. గుడ్లు ఉల్లంకి ట్రేలో ఉన్నాయి. మా పని మేం చేసుకుపోయాం.

రిటైరయ్యాక సారు నెలకోసారి ఏలూరు వచ్చేవారు. మ్యూజియం చూసి, పవర్‌పేటలో నెట్ సెంటరుకు నన్ను తోడు తీసుకెళ్లేవారు. ఆయనకు మౌస్ పట్టుకోవడం రాదు. అక్కడి అమ్మాయి సారు చెప్పిన అక్షరాలు కొట్టి పేజీలు ప్రింటు తీసి ఇచ్చేది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు వాళ్లు కొట్టేయిస్తున్న రోజులవి. ఊళ్లో ఎక్కడ విన్నా అదే కబురు. ఆ వేసవిలో ఒకరోజు సారు ఆరేడు పేజీలు పుచ్చుకుని బయటికొచ్చి, నిలబడే చదివారు. చదువుతూ చదువుతూ పక్క కొట్టు మెట్ల మీద కూలబడ్డారు.

“ఏమైంది సార్? షుగరు పడిపోయిందా?”

“రక్తంలోని డీఎన్‌ఏ తీసి చూశారట భాయ్. మన పిట్ట సారసల చుట్టం కాదు, నీటికోళ్ల చుట్టమూ కాదు. ఉల్లంకులు, సముద్రం ఒడ్డున ఎగిరే గల్స్ ఉన్న వరుసలోదట.”

నేను తేలిగ్గా తీసుకున్నాను. “అయితే లేబులు మారుద్దాం సార్. బంక ఉంది” అన్నాను.

సారు నా మొహంలోకి చూశారు. “ఆ గుడ్లున్నాయా?” అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ఎండలో ఇద్దరం కాలేజీకి నడిచాం. ఉల్లంకి ట్రే బయటికి తీసి పెట్టాను. సారు కళ్లజోడు తుడుచుకుని లెక్కపెట్టారు.

“నాలుగుండాలి.”

“ఒకటి పగిలింది సార్. దుమ్ము దులుపుతుంటే చెయ్యి తగిలింది.”

“ఎప్పుడు?”

“చాలా ఏళ్లయింది సార్. మీకు చెప్పలేదు.”

కోప్పడతారనుకున్నాను. ఆయన ట్రే మెల్లిగా నా వైపు జరిపారు. “చెప్పనివాళ్లం ఇద్దరమయ్యాం భాయ్” అన్నారు. ఆమె ఎక్కడుందో కనుక్కోమన్నారు. కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. కొల్లేటికోటలోనే అంగన్‌వాడీ టీచరుగా ఉంది.

వెళ్లొద్దని సారుకు నచ్చజెప్పి చూశాను. ఆయనకు పది అడుగులేస్తే ఆయాసం. నాకు మోకాళ్ల నొప్పులు. “ఉత్తరం రాద్దాం సార్, నేను చక్కగా రాసిస్తాను” అన్నాను. “నీ చేతిరాతలో క్షమాపణ చెప్పమంటావా?” అన్నారు. కైకలూరు బస్సెక్కాం. దిగి ఆటో మాట్లాడుకున్నాం. చివర పంటు మీద నీళ్లు దాటాం. దారి పొడుగునా కొట్టేసిన గట్లు, గండ్లలోంచి పారుతున్న బురద నీళ్లు, ఏ పనీ లేక గట్ల మీద కూర్చున్న మనుషులు. ఎవరూ మమ్మల్ని ఎవరని అడగలేదు. అలసిపోయిన ఊరు ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

అంగన్‌వాడీ ఒక చిన్న డాబా గది. పిల్లలు చాపల మీద నిద్రపోతున్నారు. ఆమె తూకం కాటా పక్కన కూర్చుని రిజిస్టరు రాసుకుంటోంది. జుట్టు ముందు భాగం నెరిసింది. మమ్మల్ని చూసి లేచింది గానీ గుర్తుపట్టలేదు. నేను చెప్పాను. ‘ఓహో’ అన్నట్టు తలూపి రెండు స్టూళ్లు వేసింది.

సారు ప్రింటు తీసిన కాగితాలు సంచిలోంచి తీసి ఆమె చేతికిచ్చారు. “నువ్వు చెప్పిందే నిజమమ్మా. ఇదిగో, ఇప్పుడు తేల్చారు” అన్నారు.

ఆమె కాగితాలు పైపైన తిప్పింది. “నేనేం చెప్పానండీ?”

సారు చెప్పారు. గుడ్ల సంగతి, ఆ రోజు ప్రశ్న, ఆమె జవాబు, ఒక్కటి వదలకుండా చెప్పారు. ఆమె వింటూ ఉంది. “నేను లేటుగా వచ్చానని తీసేశారనుకున్నానండీ ఇన్నాళ్లూ” అంది చివరికి.

“కాదు. నాకు తెలియక తీశానన్నా బాగుండేదమ్మా. అదీ కాదు. ఆ బయటాయన నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకు తీశాను. పిట్ట కోసం కాదు, నా పరువు కోసం తీశాను.”

ముప్ఫై ఏళ్లలో ఆయన గొంతు అలా వినలేదు నేను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఒక పాపాయి లేచి ఏడిస్తే భుజాన వేసుకుని జోకొట్టింది.

“ఈ మధ్య మా ఊరొచ్చే ప్రతివాళ్లూ తప్పు జరిగిందని చెప్పడానికే వస్తున్నారండీ” అంది. “అప్పుడు చెరువులు తవ్వుకోమన్నారు. ఇప్పుడు తవ్వడం తప్పని గట్లు కొట్టించారు. ఎవరి తప్పో మాకేం తెలుస్తుందండీ? మాకు గండ్లు కనపడుతున్నాయి, అంతే.”

“నువ్వు నన్ను ఏమన్నా అను తల్లీ.”

“ఏమంటానండీ. పంతొమ్మిదేళ్లప్పుడైతే చాలా అనేదాన్ని. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు పరీక్షకి కూర్చునేదాన్నండీ. రెండుసార్లు ఆ పోస్టులకి పిలిచారు. అప్పుడైనా అనేదాన్ని. ఇప్పుడు ఓపిక లేదండీ.” పాపను పడుకోబెట్టి లోపలికెళ్లి రెండు గ్లాసులు తెచ్చింది. “మజ్జిగ తాగండి. ఎండనపడి వచ్చారు.”

తాగాం. గ్లాసులు తీసుకుంటూ అడిగింది. “ఆ గుడ్లున్నాయా అండీ?”

“ఉన్నాయమ్మా. మూడు.”

“నాలుగు తెచ్చానండీ.”

“ఒకటి నేను పగలగొట్టానమ్మా” అన్నాను. ఆమె నా వైపు చూసింది. ఆ రోజు మొత్తానికి కోపం లాంటిది ఆమె కళ్లలో కనపడింది అప్పుడే.

వచ్చేముందు సారు, “పిట్ట దగ్గర నీ పేరు రాయిస్తానమ్మా. భాయ్ చక్కగా రాస్తాడు” అన్నారు.

“వద్దండీ” అంది. “నా పేరు మీ రిజిస్టర్లో ఫెయిలైన వాళ్లలో ఉంది గదండీ. అక్కడొకటీ ఇక్కడొకటీ ఎందుకు?”

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద సారు, “పిట్ట మారలేదు భాయ్. అదెప్పుడూ ఉన్నచోటే ఉంది. మనం దాన్ని పెట్టిన బీరువా మారింది” అన్నారు. మళ్లీ ఆయనే, “పిట్టకైతే కొత్త లేబులు రాసుకుంటాం. ఆ పిల్ల ఇరవై ఏళ్ల మీద ఏం అంటిస్తాం?” అన్నారు. క్షమించింది అని చెబుదామనుకున్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి.

మరుసటి నెల సారు వచ్చారు. నేను మూడో లేబులు రాసి ఉంచాను. ‘కరాడ్రిఫార్మిస్. ఉల్లంకులు, గల్స్ వరుస.’ గుడ్ల ట్రేకు కూడా పాతదాని మీద కొత్తది అంటించి, ట్రేను పిట్ట పక్కకు మార్చాను. పిట్ట లేబులు మాత్రం తానే అంటిస్తానన్నారు. “నువ్వెళ్లి టీ తీసుకురా” అన్నారు. వచ్చేసరికి బీరువా మూసి ఉంది. సారు వేళ్లకు బంక అంటుకుని, దాన్ని ఒలుచుకుంటూ కూర్చున్నారు.

“సరిగ్గా అంటుకుందా సార్?”

“కాస్త మందంగా వచ్చింది” అన్నారు.

బంక ఎక్కువ రాసి ఉంటారనుకున్నాను. చేతులు వణుకుతున్న మనిషి, అంతకంటే ఏం చేస్తారు? టీ తాగి పాసింజరుకు వెళ్లిపోయారు. కాలేజీకి ఆయన రావడం అదే ఆఖరు. ఆ తర్వాత రెండుసార్లు నేనే గూడెం వెళ్లి చూసొచ్చాను. పిట్ట గురించి అడగలేదు. “గది తుడుస్తున్నావా?” అని మాత్రం అడిగారు.

ఆ కబురు విని నేను గూడెం వెళ్లేసరికి సారును వరండాలో పడుకోబెట్టారు. పది పదిహేను మంది ఉన్నారు. మార్కెట్టులోంచి ఉల్లిపాయల లారీలు ఎప్పటిలాగే హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. నేను అలవాటు చొప్పున ముందు కాళ్లు చూశాను. రెండు బొటనవేళ్లూ దారంతో కలిపి కట్టేసి ఉన్నాయి. అప్పుడు వచ్చింది ఏడుపు. మొహం చూడకుండానే పక్కకొచ్చి గోడకానుకుని ఏడ్చాను. ఒకావిడ నా చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది.

తర్వాత పది రోజులకు కొల్లేటికోట ఆమె మ్యూజియం గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అంగన్‌వాడీ సంచి. ఏలూరులో మీటింగుకు వచ్చిందట.

“సారు పోయారంట గదండీ. పేపర్లో జిల్లా పేజీలో చూశానండీ. ఇంటికెళ్లి పలకరించాలంటే అక్కడెవరూ నాకు తెలీదండీ. ఆ పిట్టను ఒకసారి చూపిస్తారా?”

బీరువా తెరిచాను. ఆమె ఒంగి పిట్ట కాళ్ల దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. గుడ్ల ట్రే వైపు చూసింది, ముట్టుకోలేదు. తర్వాత లేబులు చదివింది. “పాతవి కింద ఉన్నాయా అండీ?” అంది. మా సారు విద్యార్థులకు మా పద్ధతి గుర్తుంటుంది.

“ఎత్తి చూడండమ్మా” అన్నాను.

మూడో లేబులు ఎత్తింది. దాని కింద రెండోది ఉండాలి. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఇంకొక చీటీ ఉంది. నా రాత కాదు. ముప్ఫై ఏళ్లు బోర్డు మీద చూసిన ఏటవాలు రాత, వణుకుతూ ఉంది. ఆమె మెల్లిగా పైకే చదివింది.

‘ఈ మాట ఇరవై ఏళ్ల కిందట ఒక విద్యార్థిని నా ముందు నిలబడి చెప్పింది. సాక్ష్యంగా గుడ్లు ముందే తెచ్చింది. నేను వినలేదు. మార్కులు తీసేశాను. తప్పు నాది.’

మందంగా వచ్చిందని సారు అన్నది దీని గురించని నాకు అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలుగా రోజూ ఆ బీరువా అద్దం తుడుస్తూనే ఉన్నాను.

ఆమె మళ్లీ చదివింది, ఈసారి లోలోపల. “పేరు రాయలేదు” అంది.

“మీరు వద్దన్నారు గదమ్మా.”

“అన్నానండీ.” లేబులు పట్టుకున్న వేళ్లు అలాగే ఉన్నాయి. కళ్లు తుడుచుకుందామంటే రెండో చేతిలో సంచి ఉంది. తుడుచుకోలేదు. “విన్నారన్నమాట” అంది.

తర్వాత లేబులు దించి బొటనవేలితో నొక్కింది. తియ్యగానే అది మళ్లీ పైకి లేచింది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ లేచింది.

“మీరుండండమ్మా, బంక తెస్తాను. గట్టిగా అంటించేస్తాను” అన్నాను.

“వద్దండీ. అలాగే ఉండనివ్వండి” అంది. మీటింగుకు టైమవుతోందని వెళ్లిపోయింది. మెట్ల దగ్గర ఆగి, “ఆ మూడింటినైనా జాగ్రత్తగా చూడండి” అంది.

చూస్తున్నాను. దుమ్ము దులపడం మానేసి మెత్తటి కుంచెతో తుడుస్తున్నాను. నాకింకా ఎనిమిది నెలల సర్వీసుంది. పొద్దున్నే గది తెరిచి, ఫ్యాను వేయకముందే ముందు ఆ బీరువా దగ్గరికి వెళతాను. గాలి ఉండదు. అయినా మూడు వేళ్ల మీద నిలబడ్డ ఆ పిట్ట ముందు లేబులు వేలెడు పైకి లేచి, కింద సారు రాత చివరి వరుస కనపడుతూ ఉంటుంది.